విసిరేముందు బాట చూడాలి
అమెరికాలోని పాసడెనా సమీపాన ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో తొలి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం ఏర్పాటైంది. రూపశిల్పి ఎడ్ హెడ్రిక్. ఇందులో బంతి, కర్ర ఉండవు. ప్లాస్టిక్ డిస్కును గొలుసులు వేలాడే ఇనుప బుట్టలోకి విసరాలి. తక్కువ విసుర్లతో ముగించినవారే విజేత.

వినడానికి పిల్లల ఆటే. అయితే సుమారు 170 గ్రాముల గట్టి డిస్కు వేగంగా తగిలితే గాయం తప్పదు. నడకకు వచ్చే వృద్ధులు, పసిపిల్లలు తిరిగే నగర పార్కుల్లో ఇదే అసలు చిక్కు. ఎవరికైనా తగిలే అవకాశముంటే విసరరాదని, 1976లో హెడ్రిక్ స్థాపించిన పీడీజీఏ నియమావళి స్పష్టం చేస్తోంది. బాటసారికి ఆట తెలియనక్కరలేదు. ఆగవలసింది ఆటగాడే. చెట్ల చాటున బాట ఉంటే తోటివారొకరు ముందుకెళ్లి చేయి ఊపాకే విసరడం మేలు. డిస్కు దారి తప్పితే వెంటనే ‘ఫోర్’ అని కేక వేయాలి. సెలవు రోజున వెనుక జట్లు బారులు తీరినా ఈ ఆగడం తప్పదు.