ఆటిజము: మెదడు చిత్రము చెప్పునది, చెప్పనిది

ఉపాధ్యాయుడు పాఠము చెప్పుచు ఒక్క క్షణము ఆగి, వెనుక బల్లపై మాటలాడుకొనుచున్న పిల్లలవంక చూచును. వెంటనే వారు మాటలు మానుదురు. ఆయన పెదవి కదపలేదు. చూపులోని భావమును పిల్లలు గ్రహించినారు. ఎదుటివారి ముఖమును చదువుట మనకెవరును ప్రత్యేకముగ నేర్పిన విద్య కాదు. అది తనంతట వచ్చునని మనము తలచుచుందుము.

కాని కొందరు పిల్లలకు అది అంత సులభముగ రాదు. అట్టి బాలుడు లెక్కలలో దిట్ట కావచ్చును. రైళ్ళ వేళలన్నియు అతనికి కంఠస్థమై యుండవచ్చును. అయినను ఎదుటివారి కన్నులలోని కోపమును, ఎగతాళిని, స్నేహమును పోల్చుకొనుట అతనికి కష్టము. ఆటిజము అను స్థితియొక్క ముఖ్య లక్షణములలో ఇది యొకటి. అందరిలోను ఇది ఒకే తీరున నుండదు. కొందరికి మాటలే రావు.

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించెను. 'తాను' అను అర్థమిచ్చు గ్రీకు పదమునుండి దీని పేరు పుట్టినది. తరువాత కొన్ని దశాబ్దములపాటు, తల్లికి బిడ్డపై వాత్సల్యము లేకపోవుటయే ఇందుకు కారణమని కొందరు ప్రచారము చేసిరి. ఎందరో తల్లులు తాము చేయని తప్పునకు కుమిలిపోయిరి. 1977లో సూసన్ ఫోల్‌స్టైన్, మైఖేల్ రట్టర్ అనువారు కవల పిల్లలపై జరిపిన పరిశోధన, దీనిలో వంశపారంపర్యమునకు పెద్ద పాత్ర కలదని చూపెను. నింద తొలగుటకు దారి ఏర్పడెను. కాని మెదడు పనిచేయు తీరులో భేద మెక్కడ నున్నది? జీవించియున్న పిల్లవాని మెదడులోనికి తొంగిచూచు టెట్లు?

దీనికి రక్తమే సాయపడినది. రక్తమునకు ఎఱుపు రంగు నిచ్చు హీమోగ్లోబిన్ ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను మోయును. ఆమ్లజనితో కూడిన హీమోగ్లోబిన్‌ను అయస్కాంతము మిక్కిలి స్వల్పముగ వికర్షించుననియు, ఆమ్లజనిని విడిచినదానిని ఆకర్షించుననియు 1936లో లైనస్ పౌలింగు, చార్లెస్ కోరియెల్ కనుగొనిరి. మెదడులో ఏదేని భాగము చురుకుగ పనిచేసినపుడు అచ్చటికి అవసరమునకు మించి తాజా రక్తము ప్రవహించును. ఈ మార్పును ఎం.ఆర్.ఐ. యంత్రముతో గుర్తింపవచ్చునని 1990లో సేజీ ఒగావా, ఆయన సహచరులు చూపిరి. దీనికి ఎక్స్ కిరణములతో పని లేదు.

అయితే ఈ చిత్రములో కనిపించునది ఆలోచన కాదు. ఆలోచన వెంట వచ్చు రక్తపు జాడ. పొగగొట్టమునుండి పొగ వచ్చినచో ఇంటిలో పొయ్యి వెలిగినదని చెప్పగలము. ఏమి వండుచున్నారో పొగ చెప్పదు.

1997లో నాన్సీ కాన్‌విషర్, ఆమె సహచరులు మెదడు అడుగు భాగమున, కదురు ఆకారము గల ఒక మడతలో, వస్తువులకంటె ముఖములను చూచినపుడు ఎక్కువ చురుకుదనము చూపు చోటును వివరించిరి. ఆటిజము గలవారు ముఖములను చూచునపుడు ఆ మడతలో చురుకుదనము తక్కువగ నున్నదని 2000లో రాబర్ట్ షుల్ట్జ్ బృందము తెలిపెను. అయినచో ఆ భాగము చెడినదా?

ఇచ్చట ఒక చిన్న ప్రశ్న వేసికొనవలెను. వారు ఆ చిత్రములోని కన్నులవంక చూచుచున్నారా? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో కిమ్ డాల్టన్, ఆమె సహచరులు మెదడుతోపాటు చూపు ఎచ్చట నిలుచుచున్నదో కూడ కొలిచి, 2005లో ఫలితములు ప్రకటించిరి. ఆటిజము గలవారిలో కన్నులవంక ఎక్కువసేపు చూచినవారికి ఆ మడతలో చురుకుదనము ఎక్కువగ నుండెను. అంతేకాదు, ఉద్వేగములతో సంబంధము గల, బాదంపప్పు ఆకారపు అమిగ్డలా అను భాగము కూడ వారిలో అధికముగ పనిచేసెను. కనుక చూపు తిప్పుకొనుట అవిధేయత కాక, కలవరమునుండి తప్పించుకొను ఉపాయము కావచ్చును.

ఇక చికిత్స. పిల్లవాడు తనకిష్టమైన ఆటవస్తువును ఎన్నుకొనును. దానిని మాటతో అడుగ యత్నించినంతనే అది చేతి కందును. ఇట్టి శిక్షణ పొందిన ఇద్దరు పిల్లల మెదడు చిత్రములను, శిక్షణకు ముందు, నాలుగు మాసముల తరువాత పోల్చి, మార్పులు కలిగినవని యేల్ విశ్వవిద్యాలయమువారు 2013లో ప్రకటించిరి. ఆశాజనకమే, కాని ఇద్దరు పిల్లలనుబట్టి అందరికిని అన్వయింపరాదు.

అదే సంవత్సరమున అదే విశ్వవిద్యాలయమునుండి మరియొక వార్త వచ్చెను. 17 మంది పిల్లలకు ఆక్సిటోసిన్ అను హార్మోనును ముక్కులో ఒక్కసారి తుంపరగ కొట్టి చూడగా, ఎదుటివారి భావములను గ్రహించుటకు తోడ్పడు మెదడు భాగములలో చురుకుదనము పెరిగెను. తల్లిదండ్రులకు ఆశ కలుగుట సహజమే. తరువాత అమెరికాలో 290 మంది పిల్లలతో 24 వారములపాటు పెద్ద పరీక్ష జరిగెను. కొందరికి అసలు మందును, కొందరికి మందులేని ఉత్త తుంపరను ఇచ్చిరి. 2021లో ఫలితము వెలువడెను. నలుగురితో మెలగుటలో రెండు గుంపులకును చెప్పుకోదగిన భేదము లేదు!

చిత్రములో మార్పు వేరు, జీవితములో మార్పు వేరు. మొదటిది రెండవదానికి సాక్ష్యము కాదు. ఇట్టి చిత్రములు పెక్కుమంది సగటును తెలుపును. ఒక్క బిడ్డ చిత్రమును చూచి ఆటిజము కలదని గాని, లేదని గాని చెప్పజాలము. నేటికిని వైద్యులు బిడ్డ ప్రవర్తనను పరిశీలించి, పెరిగిన తీరును తల్లిదండ్రుల నడిగి నిర్ణయింతురు. మూర్ఛవంటి ఇతర కారణములున్నపుడు వైద్యుడు మెదడు చిత్రము తీయింపవచ్చును. అది వేరు సంగతి. చిత్రము చూపి చికిత్స ఫలించినదని ఎవరైన చెప్పినచో, "బిడ్డ దినచర్యలో ఏమి మారినది?" అని అడుగవలెను.

మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. అట్టి విద్యార్థి తరగతిలో నున్నపుడు, "నా కన్నులలోనికి చూచి సమాధానము చెప్పుము" అని ఉపాధ్యాయుడు పట్టుబట్టనక్కరలేదు. చూపుతో చెప్పదలచినదానిని స్పష్టమైన మాటతో చెప్పిన చాలును. తోటి విద్యార్థులు కూడ అటులే చేయవచ్చును. దీనికి యంత్రము అవసరము లేదు.