ఊరు బాగుపడితే సుఖం ఎవరికి?

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఇంట్లోకి ఒక కొత్త గిన్నె కొనాలన్నా మనం ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాం. ఇది ఎవరికి పనికొస్తుంది? ఎన్నాళ్లు నిలుస్తుంది? ఊరి సంగతికి వచ్చేసరికి మాత్రం ఈ రెండూ మరిచిపోతాం. రోడ్డు వెడల్పు చేశారంటే సంతోషిస్తాం. పార్కు కట్టారంటే పిల్లల్ని తీసుకెళ్లి చూసి వస్తాం. ఆ పైన ఎవరో చూసుకుంటారులే అని ఊరుకుంటాం. ఈ రెండు ప్రశ్నలనూ గడప దాటించి వీధిలోకి తీసుకెళ్లాలని చెప్పడానికే ఈవేళ నేను మీ ముందుకు వచ్చాను.

పెద్ద పట్నాల మాట పక్కన పెట్టి చిన్న ఊరొకటి చూద్దాం. ఖమ్మం నుంచి వైరా మీదుగా సత్తుపల్లి పోయే దారిలో తల్లాడ వస్తుంది. మండల కేంద్రం. ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్లే రోడ్డు ఇక్కడే చీలుతుంది. ఆ దారి పట్టుకుని ఇంకా ముందుకు పోతే పాల్వంచ, భద్రాచలం, అడవి. ఒకపక్క సాగర్ ఎడమ కాల్వ నీళ్లతో పండే పొలాలు, ఇంకోపక్క అడవి అంచు పల్లెలు. చుట్టుపక్కల వాళ్లకి ఆఫీసు పనికైనా, బజారు పనికైనా, బస్సు మారడానికైనా ఈ కూడలే. ఇల్లు, బస్సు, బజారు మూడూ దగ్గర దగ్గరగా ఉండే ఇలాంటి ఊళ్లో మంచీ చెడ్డా త్వరగా తెలిసిపోతాయి. ఖమ్మంలోనో హైదరాబాదులోనో ఉన్న మనకి కూడా అవే బాధలు. కాకపోతే మన ఊరు పెద్దది కనుక కనిపించవు, అంతే.

ముందు బస్సు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకుండా చేశారు. చాలామందికి చేతిలో నాలుగు రూపాయలు మిగిలాయి. మరి బస్సు వచ్చేదాకా నిలబడే చోటు మాటేమిటి? అడవివైపు పల్లె నుంచి ఒకామె అత్తగారిని ఖమ్మం ఆస్పత్రికి తీసుకెళ్తోందనుకోండి. మధ్యలో బస్సు మారాలి. ఆమెకు కావలసినవి ఎన్నో లేవు. నీడ, కూర్చోవడానికో బల్ల, మంచినీళ్లు, లోపల గడియపడే మరుగుదొడ్డి, చీకటి పడ్డాక ఒక దీపం. ఇవి లేనిచోట ఆడవాళ్లు ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దుటి నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. అదే అలవాటైతే మూత్రంలో మంట, ఆపైన జ్వరం, డాక్టరు, మందులు. టికెట్టులో మిగిలింది మందుల షాపులో పోతుంది.

2021 ఏప్రిల్లో ఖమ్మంలో పెద్ద కొత్త బస్టాండు తెరిచారు. పెరిగిన ఊరికి పెద్ద బస్టాండు కావాల్సిందే. అయితే ఏ ఊళ్లోనైనా బస్టాండు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కదిలినప్పుడు, దాని చుట్టూ అల్లుకున్న కూరగాయల బజారు, బడి, ఆస్పత్రి వెంట కదిలి రావు. దిగినచోటి నుంచి వాటికి ఆటో కట్టించుకోవాలంటే ఎంతవుతుందో ముందే లెక్క చూడాలి. ఆ లెక్క మనకంటే బాగా ఎవరికి వస్తుంది?

తల్లాడ వాళ్లు ఆలోచించుకోవలసింది ఇంకొకటుంది. ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని దేవరపల్లి దాకా సుమారు 160 కిలోమీటర్లు, నాలుగు వరసల కొత్త రహదారిని పాత రోడ్డుకు దూరంగా, పొలాల మీదుగా వేయడానికి పూనుకున్నారు. దూరం పోయే లారీలు అటు మళ్లితే, వైరా, తల్లాడ, కల్లూరుల మధ్యనుంచి పోయే పాత రోడ్డు మీద ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు ఆ రోడ్డు ఎవరిది కావాలి? పిల్లలు భయం లేకుండా దాటే దారి కావచ్చు, కూరగాయలమ్మే వాళ్లకి నీడ కావచ్చు. ఎవరూ అడగకపోతే బళ్లు నిలుపుకునే చోటుగా మిగిలిపోతుంది.

ఇక ఇల్లు. 2015లో మొదలైన రెండు పడకగదుల ఇళ్ల పథకంలో ఇంటికి 560 చదరపు అడుగులు లెక్క వేశారు. చాలాచోట్ల మంచి ఇళ్లే లేచాయి. కొన్నిచోట్ల మాత్రం గోడలు లేచినా నీళ్లు, మురుగు కాల్వ, కరెంటు అందక ఇళ్లు తాళాలతో ఉండిపోయాయి. ఆ తర్వాత ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షల రూపాయలు, అదీ ఒక్కసారి కాకుండా పునాది, గోడలు, స్లాబు ఇలా పని జరిగినకొద్దీ విడతలుగా. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. ఇల్లు మంజూరయ్యేది ఇంటి ఇల్లాలి పేరు మీద.

పేరు మనదైనప్పుడు మేస్త్రీతో మాట కూడా మనమే మాట్లాడాలి కదా! వంటగది కిటికీ ఎటు తెరుచుకుంటుంది? గిన్నెలు తోమిన నీళ్లు ఎటు పోతాయి? ముసలివాళ్లు రాత్రిపూట మరుగుదొడ్డికి ఎన్ని మెట్లు దిగాలి? పునాది తీయకముందు అడిగితే ఇవి చిన్న మాటలు. స్లాబు పడ్డాక అడిగితే గోడ పగలగొట్టాలి. ఇళ్లు ఊరికి దూరంగా కాలనీలా వేస్తుంటే ఇంకొకటి కూడా అడగాలి. ఆ కాలనీకి ఉదయం మొదటి బస్సు ఎన్నింటికి, సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికి? నాలుగిళ్లలో పనిచేసి బతికే ఆమెకు బస్సు లేని పక్కా ఇల్లు ఇస్తే, ఇల్లు దొరికి పని పోతుంది.

అందరూ తిరిగే చోట్ల సంగతి చూద్దాం. 2019 సెప్టెంబరులో తెలంగాణలో పల్లె ప్రగతి మొదలైంది. పంచాయతీలకు చెత్త ఎత్తే ట్రాక్టరు, మొక్కల నర్సరీ, శ్మశాన వాటిక, ఆ తర్వాత పల్లె ప్రకృతి వనం వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి మొదలుపెట్టారు. ఖమ్మంలో లకారం చెరువు కట్టను తీర్చిదిద్దారు, 2022లో దానిమీద వేలాడే వంతెన వచ్చింది. ఊరిమధ్య ముక్కు మూసుకుని దాటే గోళ్లపాడు ఛానల్‌ మురుగును భూమిలోపలి గొట్టాల్లోకి మళ్లించి, పైన నడకదారులు, పార్కులు వేశారు. దోమలతో వేగిన తల్లులకు ఇదెంత మేలో వేరే చెప్పాలా? అయితే కాల్వగట్టున ఏళ్ల తరబడి ఇళ్లు వేసుకుని ఉన్న వాళ్లను లేపాల్సి వచ్చింది. ఒకరి నడకదారి ఇంకొకరి వంటిల్లు ఉన్న చోటే. బాగుచేసేటప్పుడు ఆ లెక్క కూడా రాయాలి.

అందం ముందా, భద్రత ముందా అన్నది 2024 సెప్టెంబరు 1న మున్నేరు చెప్పింది. ఖమ్మం దగ్గర నీటిమట్టం 36 అడుగులకు వచ్చింది. ఏటి ఒడ్డు కాలనీల్లో బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు అన్నీ బురదపాలయ్యాయి. ఆ బురద ఎత్తిపోసింది ఎక్కువగా ఆడవాళ్లే. మీ వీధిలో కొత్తగా ఏది కట్టినా, వాన నీళ్లు పోయే దారి మూసుకుపోతోందా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఇదంతా మనల్ని ఎవరు అడుగుతారు అంటారా? అడిగిన ఊళ్లున్నాయి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990 తర్వాత, రోజూ ఎక్కడెక్కడికి ఎలా వెళ్తారని ఆడా మగా అందరినీ అడిగారు. మగవాళ్లు పొద్దున ఆఫీసుకి, సాయంత్రం ఇంటికి అని రాసి ముగించారు. ఆడవాళ్లు మాత్రం రాస్తూనే ఉన్నారట. డాక్టరు, బడి, సరుకుల కొట్టు, ముసలి తల్లి ఇల్లు! అది చదివాక కాలిబాటలు వెడల్పు చేశారు, వీధి దీపాలు పెంచారు. ఇంకోటి గమనించారు. తొమ్మిదేళ్లు దాటితే ఆడపిల్లలు పార్కుకి రావడం తగ్గిపోతోంది. ఉన్న ఒక్క ఆటస్థలం మగపిల్లలు ఆక్రమించేస్తున్నారు. అందుకని పార్కును చిన్న చిన్న భాగాలు చేసి, వేరే ఆటలకు చోటు చూపిస్తే ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. పెద్ద ఖర్చేం కాలేదు, అడగడమే కావలసి వచ్చింది.

అంతదూరం ఎందుకు, వరంగల్లు దగ్గర గంగదేవిపల్లి ఉంది. ఆ ఊరివాళ్లు పనికొక కమిటీ చొప్పున వేసుకుని తాగునీరు, పారిశుద్ధ్యం తామే చూసుకున్నారు. దేశమంతటి నుంచీ జనం వచ్చి చూసి వెళ్లారు.

మనకు చట్టం కూడా తోడుగానే ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరపాలి. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలి, అందులో ఒకటి అచ్చంగా మహిళలది, పదిహేను మందితో. నాటిన మొక్కల్లో నూటికి ఎనభై అయిదు బతకాలని కూడా రాసుకున్నారు. మీ వార్డు మహిళా కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? ఈవారమే కనుక్కోండి. సభ వంటవేళ పెడితే, వేళ మార్చమని నలుగురు కలిసి అడగండి.

వెళ్లేటప్పుడు పెద్ద అర్జీ అక్కర్లేదు. చిన్న కాగితం మీద మూడు మాటలు రాసుకోండి. ఇది ఎవరి కోసం కడుతున్నారు? దీనికోసం ఎవరు లేచిపోవాల్సి వస్తుంది? కట్టాక ఊడ్చేదెవరు, నీళ్లు పెట్టేదెవరు, దీపం మాడిపోతే మార్చేదెవరు, వాళ్లకి జీతం ఎక్కడినుంచి వస్తుంది? ఈ మూడో దానికి జవాబు రాకపోతే, ఎంత ముచ్చటైన పార్కుకైనా ఏడాది తిరక్కుండా తాళం పడుతుంది. ఒక్కరు అడిగితే గొణుగుడు అంటారు. పదిమంది అడిగితే పుస్తకంలో రాసుకుంటారు. మనం అడిగింది పుస్తకంలోకి ఎక్కిందో లేదో చూసుకుని గానీ ఇంటికి రావద్దు.