పడవ యాత్రలో రాత్రి మజిలీ: మంచి రేవును గుర్తించడం ఎలా?

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, మిట్ట మీద వెలసిన నగరం బెంగళూరు. అక్కడ కురిసిన వాననీరు కొంత వృషభావతి, అర్కావతుల ద్వారా కావేరిని చేరుతుంది. మరికొంత దక్షిణ పినాకిని వైపు సాగిపోతుంది. అయితే యాత్రికులను ఎక్కించుకొని దూరం పోగల పడవను మోసే నది ఆ నగరంలో లేదు. సరిహద్దు పల్లెల సంగతి చెప్పనక్కరలేదు. నంది కొండల ప్రాంతంలో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం సీమలో ప్రవేశించే పెన్న ఏడాదిలో అధిక భాగం ఇసుకగానే దర్శనమిస్తుంది.

అయినప్పటికీ నేడు ఈ ప్రాంతపు కుటుంబాలు పడవ యాత్రలకు వెళుతున్నాయి. బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవులు చూసుకొని తల్లిదండ్రులను, అవ్వతాతలను కేరళలోని అలప్పుళకో, కుమరకానికో తీసుకొనిపోయి ఒక రాత్రి ఇంటి పడవలో గడపడం వాడుకగా మారింది. శుక్రవారం రాత్రి బస్సో రైలో ఎక్కితే శనివారం మధ్యాహ్నానికి పడవలో ఉంటారు. మరికొందరు రాజమహేంద్రవరం చేరి గోదావరిపై పాపికొండల యాత్ర చేస్తారు. బయలుదేరే ముందు గది ఎట్లున్నది, భోజనంలో ఏమి పెడతారు, ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది అని అందరూ విచారిస్తారు. కానీ రాత్రి ఆ పడవను ఎక్కడ కట్టివేస్తారు అని అడిగేవారు అరుదు. నిజానికి మొదట అడగవలసిన ప్రశ్న అదే.

మూడింట రెండు వంతుల కాలం రేవులోనే

కేరళ ఇంటి పడవల దినచర్యను గమనిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. సాధారణంగా మధ్యాహ్నం 12 గంటలకు ప్రయాణికులను ఎక్కించుకొంటారు. సాయంత్రం అయిదున్నర ప్రాంతంలో పడవను ఒడ్డుకు చేర్చి కట్టివేస్తారు. మరునాడు ఉదయం 8 గంటలకు తిరిగి కదిలించి, 9 గంటలకు దించివేస్తారు. మొత్తం 21 గంటల యాత్రలో పడవ కట్టి ఉండే కాలం పద్నాలుగున్నర గంటలు. అనగా చెల్లించిన సొమ్ములో మూడింట రెండు వంతులు ప్రయాణానికి కాక, మజిలీకే చెల్లుతున్నది. ఆ మజిలీ మంచిదైతే యాత్ర మంచిది. అది చెడ్డదైతే పాలరాతి గచ్చు, రంగుల దీపాలు ఉన్నా ఫలితం లేదు.

చీకటి పడక మునుపే పడవ ఎందుకు ఆగాలి?

ఇది యజమానులు ఇంధనం మిగుల్చుకొనేందుకు చేసిన ఏర్పాటని కొందరు భావిస్తారు. అది పొరపాటు. సాయంత్రం కాగానే అక్కడి జాలరులు నీటిలో వలలు పరుస్తారు. వారి చిన్న దోనెలకు తరచుగా దీపం ఉండదు. పెద్ద పడవ చీకటిలో తిరిగితే వలలు తెగుతాయి, దోనెలు బోల్తాపడతాయి. పడవ రెక్కకు వల చుట్టుకొంటే మరయంత్రమే ఆగిపోవచ్చు.

రాత్రి ప్రయాణం ఎంత ప్రమాదకరమో కేరళ చరిత్ర చెబుతున్నది. 1924 జనవరిలో మలయాళ మహాకవి కుమారన్ ఆశాన్ రిడీమర్ అనే పడవలో రాత్రి ప్రయాణం చేస్తుండగా, పల్లన వద్ద అది బోల్తాపడి ఆయన మరణించారు. ఆ పడవలో పరిమితికి మించి జనం ఉన్నారు. దాదాపు నూరేళ్ల తరువాత, 2023 మే 7న మలప్పురం జిల్లా తానూరు వద్ద ఒక విహార పడవ సాయంసంధ్య దాటిన పిమ్మట మునిగి 22 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ కూడా జనం ఎక్కువ, పొద్దు తక్కువ. కావున "ఇంకొక గంట తిప్పు" అని సరంగును బలవంతపెట్టడం తగదు. అదనపు డబ్బు ఇస్తే తిప్పుతానని సరంగే ముందుకు వచ్చినా ఒప్పుకోరాదు.

నది వంపు నేర్పే పాఠం

రేవును ఎంచుకొనే విద్యలో మొదటి పాఠం నది వంపును గమనించడం. నది మలుపు తిరిగేచోట బయటి వైపు నీరు వేగంగా ఒరుసుకొంటూ పోతుంది. అక్కడ లోతు ఎక్కువ, ఒడ్డు నిట్టనిలువు. నీరు అడుగు మట్టిని కోసుకొనిపోవడం వలన గట్టు హఠాత్తుగా విరిగిపడవచ్చు. వేళ్లు బయటపడి నీటి మీదికి ఒరిగిన చెట్లు కనిపిస్తే అది కోతకు గురవుతున్న ఒడ్డని తెలుసుకోవాలి. లోపలి వైపు నీరు నెమ్మదిస్తుంది, మట్టి మేట వేస్తుంది. రాత్రి కట్టేందుకు ఈ వైపే మేలు. కానీ మరీ లోతు తక్కువైతే, నీరు తగ్గినప్పుడు పడవ బురదలో కూరుకొని ఒక పక్కకు ఒరుగుతుంది. అందువలన మేట వేసిన ఒడ్డుకు కొంచెం ఎడంగా, పడవ అడుగుకు చాలినంత నీరున్న చోటు సరియైనది.

రెండు పాయలు కలిసే చోట సుడులు ఉంటాయి. కాలువ నోటి వద్ద తెల్లవారుజాము నుండి ప్రయాణికుల పడవలు తిరుగుతాయి, వాటి అలలకు కట్టిన పడవ ఊగిపోతుంది. ఈ రెండు తావులను వదిలి నూరు, నూటయాభై గజాలు అవతలకు పోవడం ఉత్తమం.

నీటిమట్టం రాత్రికి రాత్రే మారుతుంది

చెరువు నీటిని చూసిన కంటికి నీటిమట్టం ఒక పూటలో మారుతుందన్న ఊహ రాదు. నదిలో అది మారుతుంది. ఎగువన వాన కురిసినా, ఆనకట్ట తలుపులు ఎత్తినా దిగువన నీరు పెరుగుతుంది. భద్రాచలానికి దిగువన కూనవరం వద్ద శబరి నది గోదావరిలో కలుస్తుంది. శబరికి వరద వస్తే, పాపికొండల వద్ద ఆకాశం నిర్మలంగా ఉన్నా నీరు ఉప్పొంగవచ్చు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పట్టపగలే రాయల్ వశిష్ట పడవ మునిగి సుమారు 50 మంది మరణించినప్పుడు గోదావరి వరద ప్రవాహంలో ఉన్నది. వరద కాలంలో ఎంత మంచి రేవైనా రక్షణ ఇవ్వదన్నది ఆ దుర్ఘటన నేర్పిన పాఠం. గోదావరి యాత్రకు జూలై నుండి సెప్టెంబరు వరకు కాక, చలికాలమే యోగ్యమైనది.

ఇసుక తిన్నెల వద్ద ఆగినప్పుడు ఒడ్డున ఉన్న పొదలను పరిశీలించాలి. కొమ్మలలో ఎండుగడ్డి, చెత్త చిక్కుకొని ఉంటే నీరు అంత ఎత్తు వరకు వచ్చిందని అర్థం. అంతకంటే దిగువన పడక వేయరాదు. సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకొనే ముందు ఒకసారి చూస్తే నీరు పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. ఇందుకు ఏ పరికరమూ అక్కరలేదు.

కేరళలో నీటిమట్టం మారడానికి మరొక కారణం సముద్రపు ఆటుపోట్లు. వేంబనాడు సరస్సుకు అడ్డుగా తణ్ణీర్ముక్కం కట్ట ఉన్నది. వరి పొలాలలోకి ఉప్పునీరు రాకుండా దాని తలుపులను ఏటా డిసెంబరు ప్రాంతంలో మూసి, తిరిగి ఎండాకాలంలో తెరుస్తారు. కట్టకు ఉత్తరాన పోటు ప్రభావం కనబడుతుంది. తలుపులు మూసిన నెలలలో దక్షిణాన నీరు ఇంచుమించు నిశ్చలంగా ఉంటుంది. పోటు ఉన్నచోట మోకును బిగించి కట్టరాదు. నీరు పెరిగితే పొట్టి మోకు పడవను ఒక పక్కకు లాగుతుంది, తగ్గితే పడవ మోకుకు వేలాడి ఒరుగుతుంది. పశువును పలుపుతో గుంజకు కట్టేటప్పుడు పడుకొనేందుకు, లేచేందుకు తగినంత తాడు వదిలినట్లే ఇక్కడా కొంత వదులు ఉండాలి.

మోకు, గుంజ, ముఖం

మోకు ఒక్కటి చాలదు. ముందు భాగానికి ఒకటి, వెనుక భాగానికి ఒకటి కట్టాలి. ప్రవాహం ఉన్న నదిలో పడవ ముఖం ఎగువ వైపు ఉండాలి. అప్పుడు నీరు కొనకు తగిలి ఇరువైపులా చీలిపోతుంది. అడ్డంగా కడితే ప్రవాహమంతా పక్క చెక్క మీద పడుతుంది. కట్టే గుంజ లోతుగా నాటినదై ఉండాలి, పుచ్చిన మొద్దుకు కట్టరాదు. మోకు ఒడ్డు మీది కాలిబాటకు అడ్డంగా పోకుండా చూడాలి, చీకటిలో ఊరివారు తట్టుకొని పడవచ్చు.

చెట్టు నీడ పగటిపూట హాయి, రాత్రికి కాదు. కాయలున్న కొబ్బరిచెట్టు కింద పడవ నిలిపితే కాయో మట్టో మీద పడవచ్చు. ఏప్రిల్, మే మాసాలలోను, అక్టోబరు, నవంబరు మాసాలలోను కేరళలో సాయంకాలపు పిడుగుల వానలు సాధారణం. ఒంటరిగా నిలిచిన ఎత్తైన చెట్టుకు దూరంగా ఉండడం మేలు. విశాలమైన సరస్సు నడుమ గాలి, అలలు ఎక్కువ. గాలి మరుగైన కాలువలో నిలకడ ఎక్కువ, కానీ దోమలు, గుర్రపుడెక్క ఉంటాయి. పసిబిడ్డలు ఉన్నవారు దోమతెర అడిగి తీసుకొని కాలువనే ఎంచుకోవడం మంచిది.

పక్క పడవలు, ఒడ్డున ఊరు

రద్దీ దినాలలో పడవలను వరుసగా ఒకదాని పక్కన ఒకటి కట్టివేస్తారు. బయటి వరుసలోని వారు ఒడ్డు చేరాలంటే రెండు మూడు పడవలు దాటి రావాలి. ఈ ఇంటి పడవల పూర్వరూపమైన కెట్టువళ్ళం మేకులు లేకుండా, కొబ్బరిపీచు తాళ్లతో పలకలను కుట్టి చేసిన సరుకుల పడవ. నేటి పడవల పైకప్పు కూడా వెదురు, తాటాకు, చాపలతోనే ఉంటుంది. కింద వంటగ్యాసు, పక్కన జనరేటరు. ఒక పడవలో నిప్పు పుడితే పక్కదానికి పాకడం ఎంతసేపు? కావున తమ పడవకు ఒక పక్క నేరుగా ఒడ్డు తగలాలని, ఒడ్డుకు పట్టు కర్రతో గట్టి పలక వేయాలని ముందే కోరాలి. నడిరాత్రి పెద్దవారికి ఛాతీ నొప్పి వచ్చినా ఈ పలకే దారి. ఆ ఒడ్డు నుండి బండి వచ్చే రోడ్డు ఎంత దూరమో కూడా తెలుసుకోవాలి. నాలుగు వైపులా నీరున్న గట్టు ఫొటోలో అందంగా ఉంటుంది, ఆపదలో అక్కరకు రాదు.

ఆ ఒడ్డు ఒక ఊరన్న సంగతిని కూడా మరువరాదు. కుట్టనాడులో పొలాలు సముద్రమట్టం కంటే దిగువన ఉంటాయి, వాటిని కాచే గట్టు మీదనే ఇళ్లు. మన పల్లెలలో వీధి అరుగు ఎట్టిదో వారికి ఆ గట్టు అట్టిది. ఉదయాన ఆడవారు అక్కడే బట్టలు ఉతుకుతారు, పాత్రలు తోముతారు. కట్టిన పడవ మరుగుదొడ్డి నీరు ఆ రేవులోకే వదిలితే అనుభవించేది వారే. మలిన జలానికి పడవలో తొట్టి ఉన్నదా అని అడగడం, రాత్రి పాటల పెట్టె ఆపివేయడం కూడా మంచి మజిలీలో భాగమే. ఊరివారు ఇష్టపడి చోటిచ్చే రేవులో ఆపద వేళ సాయం కూడా దొరుకుతుంది.

సొమ్ము చెల్లించక మునుపు అడగవలసినవి

పడవను ఏ ఊరి వద్ద, ఎన్ని గంటలకు కడతారు? ఒడ్డుకు నేరుగా దిగవచ్చునా? రాత్రి సరంగు, పనివారు పడవలోనే నిద్రిస్తారా? పడవ నమోదు సంఖ్య, తనిఖీ పత్రం ఉన్నవా? 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి దేశీయ జలయానాల చట్టం ప్రకారం మరపడవలకు నమోదు, తనిఖీ తప్పనిసరి. ప్రాణరక్షక కవచాలు తలకొకటి ఉన్నవా, పిల్లల కొలతలో ఉన్నవా? ఈ ప్రశ్నలకు బెంగళూరులోని ఏజెంటు తడబడితే పడవ యజమానితోనే ఫోనులో మాట్లాడించమని కోరవచ్చు. అతడు రేవు పేరు చెప్పలేకపోతే మరొక పడవను చూసుకోవడమే శ్రేయస్కరం.

చివరిగా, ఈ ప్రాంతపు కుటుంబాలు ప్రత్యేకించి గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. పాత తరం వారు నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని ఊరి బావిలో ఈత నేర్చుకొన్నారు. ఆ బావులు ఎండిపోయి బోరుబావులు వచ్చిన తరువాత పుట్టిన పిల్లలలో పెక్కుమందికి ఈత రాదు. కట్టివేసిన పడవ కదలదు గనుక అపాయం లేదని తలచి పెద్దలు నిద్రపోతారు. కానీ పడవ అంచుకు, నీటికి మధ్య ఉన్నది ఒక్క అడుగు మాత్రమే. పొద్దుగూకిన తరువాత పిల్లలు ఒంటరిగా ముందు భాగానికి పోకుండా తలుపు గడియ వేయాలి. నడవాలో ఒక దీపం తెల్లవారే దాకా వెలిగి ఉండాలి. ప్రాణరక్షక కవచాలు అటక మీద కాక, చేతికందే చోట ఉండాలి. రాత్రి పెద్దవారిలో ఒకరు గడప పక్కన పడక వేసుకోవాలి.