చెంచులు చూపిన దారి

శ్రీశైలం మల్లన్నను అల్లుడంటారు చెంచులు. పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె.మూర్తికి వాళ్ల బతుకే ఓ పాఠం!

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఎముకలెన్నో వెలికితీశాడు. కొన్నింటిని ఆదిమానవుడు చెక్కిన పనిముట్లన్నాడు. అనుమానాలు తీరలేదు. 1970ల్లో మూర్తి ముచ్చట్ల చింతమాను గవిలో (గవి అంటే గుహే) ఎముక పనిముట్లతోపాటు పొయ్యి ఆనవాళ్లూ బయటపెట్టారు.

మరి ఆ గుహలవాళ్లు ఎలా బతికారు? ఎముకలు నోరు విప్పవుగా! అందుకే నేటి వేటగాళ్ల జీవితాన్ని చూసి నాటి ఆనవాళ్లకు అర్థం చెప్పే 'ఎత్నో ఆర్కియాలజీ' బాట పట్టారాయన. కర్నూలు గుహల ప్రాంతంపై 1985లో 'వరల్డ్ ఆర్కియాలజీ'లో వ్యాసం రాశారు.

మెలిక ఇక్కడే. పోలిక దారి చూపుతుందంతే, రుజువు కాదు. చెంచులేమీ రాతియుగంలో ఆగిపోలేదు. అడవి తేనె అమ్మి, బియ్యం కొనుక్కునేవాళ్లు!