రెక్కల చుట్టాలకు మూడు రోజుల పండగ

చిక్కడపల్లిలో మేడెక్కి చూస్తే పావురాలు, నారాయణగూడ కరెంటు తీగల మీద కాకులు. అశోక్‌నగర్ పిల్లలకు పక్షులంటే ఇందిరా పార్కులో కనిపించేవే! మరి వేల పక్షులు ఒక్కచోట వాలితే ఎలా ఉంటుందో చూడాలంటే... చెన్నై రైలెక్కి సూళ్లూరుపేట వెళ్లాల్సిందే. అక్కడ పక్షులకు ఏకంగా ఓ పండగే ఉంది!

అదే ఫ్లెమింగో ఫెస్టివల్. 2001లో మొదలైంది. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్లూరుపేట 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కొన్నేళ్ల విరామం తర్వాత 2025లో జనవరి 18 నుంచి 20 వరకు మళ్లీ ఈ పండగ చేశారు. ఊళ్లో స్టాళ్లు, ఆటపాటలు ఎలాగూ ఉంటాయి. కానీ అసలు సందడంతా ఊరి బయటే.

పొద్దున్నే... నేలపట్టు

దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టు చెరువు గూడబాతులకు పుట్టిల్లు. నీళ్లలోనే పెరిగే కడప చెట్ల మీద గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుతాయి. తల్లి ముక్కు కింది సంచీలోకి తల దూర్చి పిల్ల చేపలు తినే దృశ్యం బైనాక్యులర్స్‌లో చూస్తే కళ్లు తిప్పుకోలేం. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఇక్కడే కాపురం పెడతాయి. వాటి రెట్టలతో చెరువు నీళ్లే ఎరువవుతాయి. పైరుకు మంచిది, ఊరికీ మంచిది!

మధ్యాహ్నం... పులికాట్

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే దారి పులికాట్ సరస్సు మధ్యలోంచే సాగుతుంది. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు. మోకాలి లోతు నీళ్లలో పొడవాటి కాళ్లతో ఫ్లెమింగోలు బారులు తీరి ఉంటాయి. తల కిందులుగా ముంచి, ముక్కుతోనే నీళ్లు వడగట్టి తిండి ఏరుకుంటాయి. వాటి గులాబీ రంగు కూడా ఆ తిండిలోంచి వచ్చిందే. సాయంత్రం భీములవారిపాలెంలో పడవ ఎక్కితే రోజు నిండినట్టే.

సరదా వెనక సంగతి

సరస్సులోకి సముద్రపు నీళ్లు వచ్చే ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటాయి. అలా పూడితే చేపలు, రొయ్యలు లోపలికి రావు. జాలరి వల ఖాళీ. వాన తక్కువైన ఏడు సరస్సు ఎండి పక్షులూ మొహం చాటేస్తాయి. నీళ్లు మరీ ఎక్కువైనా ఫ్లెమింగోలకు కాలు మోపే చోటుండదు. అంటే పక్షి తిండికీ, మనిషి కూటికీ నీళ్ల లెక్కే ఆధారం. మూడు రోజుల పండగ అయ్యాక మిగతా ఏడాదంతా గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

వెళ్లేవాళ్లు మరిచిపోకూడని మాట మరొకటుంది. గుంపంతా ఒక్కసారిగా ఎగిరితే ఫొటో బాగుంటుందని హారన్ కొట్టడం, రాళ్లు వేయడం వద్దు. బెదిరి ఎగిరిన ప్రతిసారీ పక్షి తిండి మానుకుని ఒంట్లో సత్తువ ఖర్చు చేస్తుంది. దూరాభారం వచ్చిన చుట్టాన్ని కంచం ముందు నుంచి లేపుతామా?

రైలులో గూడూరు లేదా నెల్లూరులో దిగినా బస్సులుంటాయి. బైనాక్యులర్స్, టోపీ, మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోండి. కొట్టొచ్చినట్టు కనిపించే రంగు బట్టలు వద్దు. పండగ తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి ముందే కనుక్కోండి. తిరనాళ్ల రద్దీ పడనివాళ్లు డిసెంబరు, జనవరిల్లో మామూలు రోజున వెళ్లినా నష్టమేం లేదు. పక్షులకు క్యాలెండర్‌తో పనిలేదు... నీళ్లుంటే చాలు!