సౌనా స్నానం మతిమరుపును ఆపుతుందా?

వయసు మీద పడ్డాక మతిమరుపు మామూలేనని మన ఇళ్లలో అనుకుంటాం. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరచిపోవడం మామూలే. కానీ తెలిసిన దారిలో ఇంటికి రాలేకపోవడం, చేతిలోని డబ్బు లెక్క తెలియకపోవడం, అడిగిన మాటే పదేపదే అడగడం మామూలు కాదు. ఇవి డిమెన్షియా లక్షణాలు కావచ్చు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటిన ప్రతి వందమందిలో సుమారు ఏడుగురికి ఈ వ్యాధి ఉంది.

ఫిన్లాండ్‌లో ఏం గమనించారు?

చలి దేశమైన ఫిన్లాండ్‌లో సౌనా అంటే చెక్కలతో కట్టిన వేడి గది. పొయ్యి మీద రాళ్లను కాల్చి, వాటిపై నీళ్లు చల్లుతారు. దాదాపు 80 డిగ్రీల వేడిలో పది, పదిహేను నిమిషాలు కూర్చుని బయటికి వచ్చి చల్లబడతారు.

అక్కడి కువోపియో ప్రాంతంలో 42 నుండి 60 ఏళ్ల వయసున్న 2,315 మంది పురుషులను సుమారు 20 ఏళ్లు గమనించి, ఫలితాలను 2017లో ప్రచురించారు. వారానికి ఒకసారి సౌనా చేసేవారితో పోలిస్తే, 4 నుండి 7 సార్లు చేసేవారిలో డిమెన్షియా 66 శాతం తక్కువగా కనిపించింది.

వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి. వేగంగా నడిచినప్పటిలా గుండె కొట్టుకుంటుంది. తర్వాత బి.పి. కొంత తగ్గుతుంది. రక్తనాళాలు బాగుంటే మెదడుకూ మేలే. అయితే ఇది రుజువు కాదు. ఆరోగ్యంగా ఉన్నవారే తరచుగా సౌనాకు వెళ్లగలరు కదా! పైగా ఆ పరిశీలనలో స్త్రీలు లేరు. 2020లో వచ్చిన మరో ఫిన్లాండ్ అధ్యయనంలో, 100 డిగ్రీలు దాటిన వేడిలో కూర్చునేవారికి ప్రమాదం పెరిగినట్లు కనిపించింది.

మన ఎండ సౌనా కాదు

నస్పూర్‌లో మే నెల ఎండ ఒంటికి మంచిదని ఎవరూ పొరబడవద్దు. సౌనా పావుగంటలో ముగుస్తుంది. రేకుల ఇంట్లో వేడి రాత్రయినా వదలదు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గి వడదెబ్బ తగులుతుంది. ఎండాకాలంలో పెద్దవారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే "ముసలితనం" అని వదిలేయకండి. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, గాలి విసురుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు.

మనం చేయగలిగినవి

14 కారణాలను అదుపు చేస్తే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని 2024లో లాన్సెట్ నిపుణుల సంఘం తెలిపింది. వాటిలో మనకు దగ్గరివి ఇవి:

• బి.పి., షుగర్ పరీక్షలు చేయించుకుని, మందులు మానకుండా వాడండి.
• బీడీ, సిగరెట్, మద్యం మానండి.
• ఉదయం చల్లటి పూట నడవండి.
• బొగ్గు గనుల్లో డ్రిల్లింగ్ మోతల మధ్య పనిచేసి రిటైరైనవారు చెవులు పరీక్ష చేయించుకోండి. సరిగా వినబడనివారు నలుగురిలో కలవడం మానేస్తారు, మెదడుకు పని తగ్గుతుంది. అవసరమైతే వినికిడి యంత్రం పెట్టుకోవడానికి సిగ్గుపడకండి.

సౌనా గది మనకు లేకపోయినా లోటు లేదు. ఇంట్లోని పెద్దవారికి ఈ నెలలోనే ఒకసారి బి.పి., షుగర్, చెవుల పరీక్ష చేయించండి.