ఊరే పాఠం.. ఇంటర్నెట్ వారధి
ఉద్దానం బడుల్లో ప్రాజెక్టు పనికి ప్రాణం పోయాలంటే..

పలాస, టెక్కలి: బడిలో ప్రాజెక్టు పని ఇచ్చారనగానే తల్లిదండ్రులకు ముందుగా గుర్తొచ్చేది పుస్తకాల దుకాణం. పక్షులో, పండ్లో, జాతీయ నాయకులో ఉన్న బొమ్మల షీటు ఒకటి కొని, కత్తిరించి, అట్టపై అతికిస్తే పని పూర్తయినట్లే. సెల్‌ఫోన్ ఇంటింటికీ వచ్చాక ఆ మాత్రం శ్రమ కూడా తగ్గింది. ఇంటర్నెట్‌లో కనిపించింది కనిపించినట్లు దించి రాసిస్తున్నారు. మార్కులు పడుతున్నాయి గానీ, విద్యార్థికి కొత్తగా తెలిసేది అంతంతమాత్రమే. తేలినీలాపురం చెట్లపై గూడు కట్టుకున్న పక్షిని వదిలేసి, దుకాణంలో దొరికిన పెంగ్విన్ బొమ్మను అతికించే చదువుగా ఇది మారిపోయింది.

ఇదే పనిని అర్థవంతంగా చేయించే మార్గం ఉంది. ప్రశ్న విద్యార్థి సొంత ఊరి నుంచి పుట్టాలి. దాని సమాధానం కోసం మరో ఊరిలో మరో బడి ఎదురుచూడాలి. ఈ రెండూ కుదిరితే ఒక్క ఫోనుతోనైనా పని సాగుతుంది. ఇవి లేకుంటే ఎంత పెద్ద తెర పెట్టినా అది మరో నల్లబల్ల మాత్రమే అవుతుంది.

వందేళ్ల అనుభవం

ప్రాజెక్టు పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికా విద్యావేత్త విలియం కిల్పాట్రిక్ 1918లోనే దీనిపై వ్యాసం ప్రచురించారు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం సైతం చేతిపని ద్వారా చదువు నేర్పాలనే చెప్పింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి చదువును బయటి జీవితంతో ముడిపెట్టాలని కోరింది. కార్యకలాపాలు, అన్వేషణ ద్వారా బోధన సాగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే పేర్కొన్నారు.

బడికీ బడికీ మధ్య సహకారానికి మొదటి పాఠం ఫ్రాన్స్ నుంచి వచ్చింది. దక్షిణాన కొండలపై ఉన్న బార్‌సుర్‌లూ గ్రామంలో సెలెస్టిన్ ఫ్రెనే అనే ఉపాధ్యాయుడు 1924లో తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చారు. ఊరిలో చూసిన వాటిని పిల్లలే రాసి, అక్షరాలు కూర్చి, అచ్చు వేసేవారు. 1926లో ఆ కాగితాలు దేశానికి మరో చివర, సముద్రతీరాన ఉన్న త్రేగుంక్ బడికి వెళ్లడం మొదలైంది. అక్కడి పిల్లలు తమ తీరం కబుర్లు తిరిగి పంపేవారు. చదివేవారు వేరే చోట ఉన్నారని తెలిశాక పిల్లలు జాగ్రత్తగా చూడటం, స్పష్టంగా రాయడం అలవరచుకున్నారు.

కంప్యూటర్లు వచ్చాక పోస్టు చేసిన పనినే అవి వేగంగా చేశాయి. న్యూయార్క్, మాస్కో బడులను కలుపుతూ 1988లో మొదలైన ప్రయత్నమే తరువాత ఐఎర్న్‌గా విస్తరించింది. విద్యార్థులు తమ ప్రాంత వాతావరణాన్ని కొలిచి శాస్త్రవేత్తలకు అందించే గ్లోబ్ కార్యక్రమం 1995లో మొదలైంది. ఐరోపాలో 2005 నుంచి ఈట్విన్నింగ్ పేరిట బడులు జతకడుతున్నాయి.

తెలుగునాట కూడా ఉదాహరణలున్నాయి. న్యూకాజిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సుగతా మిత్రా 2009లో బ్రిటన్‌లోని అమ్మమ్మలు, నానమ్మలను హైదరాబాద్ పిల్లలతో స్కైప్ ద్వారా కలిపారు. వారు కథలు చెప్పేవారు, పిల్లలు ప్రశ్నలు అడిగేవారు. బెంగళూరు కేంద్రంగా 2011లో మొదలైన ఈవిద్యాలోక స్వచ్ఛంద బోధకులను గ్రామీణ బడులతో ఆన్‌లైన్‌లో అనుసంధానిస్తోంది. ఆనాటి స్కైప్ 2025 మేలో మూతపడింది. పనిముట్లు వస్తుంటాయి, పోతుంటాయి. విద్యార్థి అడిగే ప్రశ్నే నిలుస్తుంది. అటువంటి ప్రశ్నలకు ఈ ప్రాంతంలో కొదవ లేదు.

తేలినీలాపురం లెక్క

టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా శీతాకాలం ముందు పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి, గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవి ముదరక ముందే వెళ్లిపోతాయి. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా గ్రామస్థులు వీటిని చూసుకుంటారు. అందరూ సైబీరియా పక్షులనే పిలుస్తారు. అయితే ఈ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాలకు చెందినవేనని పక్షిశాస్త్రం చెబుతోంది. సైబీరియా వీటి నివాసం కాదు. మరి ఏప్రిల్ తరువాత ఇవి ఎక్కడికి వెళుతున్నాయి? ఐదో తరగతి విద్యార్థికి ఇంతకు మించిన ప్రాజెక్టు ఏముంటుంది!

దీనికి ఒక్క ఊరి లెక్క చాలదు. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు విడిది చేస్తాయి. కొల్లేటి ఒడ్డున ఆటపాక, గుంటూరు సమీపంలో ఉప్పలపాడు, దక్షిణాన నేలపట్టు కూడా పక్షుల విడిదులే. ఈ ఊళ్ల బడులు ఐదూ ఒకే రోజు, ఒకే గంటలో దూరం నుంచి గూళ్లు లెక్కించి ఒకే పట్టికలో నమోదు చేస్తే పక్షుల రాకపోకల క్రమం కళ్లకు కడుతుంది. ప్రతి చెట్టుకూ ఒక సంఖ్య ఇవ్వాలి. రెండు జట్లు విడివిడిగా లెక్కించి పోల్చుకోవాలి. తేడా వస్తే దిద్దేయకుండా రెండు అంకెలూ రాయాలి. ఆసియా దేశాల్లో నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది కనుక ఆ నెలలో పని ప్రారంభించడం అనుకూలం.

జీడిపిక్కలో గణితం

పలాస-కాశీబుగ్గ పిల్లల్లో అనేకమంది తల్లులు జీడి పరిశ్రమల్లో పనిచేస్తున్నారు. ఇంట్లో రోజూ వినిపించే అంకెలే గణిత పాఠాలు. పప్పు రకాన్ని 240, 320 అని పిలుస్తారు. 320 రకమంటే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు 300 నుంచి 320 పప్పులు తూగుతాయని అర్థం. 240 రకానికి 220 నుంచి 240 సరిపోతాయి. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుందన్నమాట. భాగించి చూస్తే 320 రకం పప్పు ఒక్కోటి సుమారు 1.4 గ్రాములు, 240 రకమైతే సుమారు 1.9 గ్రాములు. హారం పెరిగితే భాగం ఎందుకు తగ్గుతుందో చెప్పడానికి గుప్పెడు పప్పు, ఒక త్రాసు చాలు. 80 కిలోల పిక్కల బస్తా నుంచి సుమారు పావు వంతు పప్పు వస్తుంది. మిగిలింది ఏమవుతుందన్నది మరో ప్రశ్న.

జీడిమామిడిని 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చారు. కేరళలోని కొల్లాం, గోవా కూడా ఈ పంటకు, పరిశ్రమకు పేరొందినవే. ఆఫ్రికాలోని ఐవరీకోస్ట్ నేడు పిక్కల ఉత్పత్తిలో అగ్రస్థానంలో ఉంది. అక్కడి ఒక బడితో మాట కలిస్తే పిల్లలకు ప్రపంచ పటం తెరచుకుంటుంది. జీడిని వారు ఏమని పిలుస్తారు, కోత ఏ నెలలో, కూలి ఎంత అన్న మూడు ప్రశ్నలు తొలి ఉత్తరానికి సరిపోతాయి.

తిత్లీని తెలియని పిల్లలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ప్రస్తుతం ప్రాథమిక బడుల్లో చదువుతున్న వారిలో చాలామంది అప్పటికి పుట్టనైనా లేదు, లేదా తల్లి ఒడిలో ఉన్నారు. వీరికి ఆ రాత్రి సంగతి చెప్పాల్సింది తాతలు, నానమ్మలే. ఆ మాటలను రికార్డు చేసి, రాసి భద్రపరిస్తే ఊరి చరిత్ర పిల్లల చేతి మీదుగా నిలుస్తుంది.

ఇందుకు సరైన జత కోనసీమ బడి. అక్కడ 1996 నవంబరు 6 నాటి తుపాను కొబ్బరిని తుడిచిపెట్టింది. తోట మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టింది, ఆలోగా ఇల్లు ఎలా గడిచిందన్న ప్రశ్నకు జవాబు అక్కడి పెద్దల వద్ద ఉంది. ఉద్దానం రైతుకు ఆ జవాబు అవసరం కూడా. దీనికి తోడు చెట్టు వయసు లెక్క ఎలాగూ ఉంది. ఎదిగిన కొబ్బరిచెట్టు ఏడాదికి సుమారు 12 మట్టలు వేస్తుంది. రాలిన ప్రతి మట్టా కాండంపై ఒక మచ్చ మిగులుస్తుంది. మచ్చలు లెక్కించి 12తో భాగిస్తే వయసు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మొదటి కొన్నేళ్ల మచ్చలు కనిపించవు కనుక అసలు వయసు అంతకంటే ఎక్కువే. వీధిలో తుపానుకు ముందరి చెట్లు ఎన్ని మిగిలాయో విద్యార్థులే తేల్చగలరు.

మాటల మూట

ఈ ప్రాంతానికి పడమట మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతం. కొండ గ్రామాల్లో సవర, ఇచ్ఛాపురం వైపు ఒడియా, మిగిలిన చోట్ల ఉద్దానం తెలుగు వినిపిస్తాయి. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకటరామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాచకాలు రాశారు. సవరతో సహా గిరిజన భాషల్లో ప్రాథమిక బోధనకు ఉమ్మడి రాష్ట్రంలో 2004లో శ్రీకారం చుట్టారు. కొండబడి, తీరంబడి జతకట్టి చెట్టు, చేప, గాలి, వాన పేర్లను తమ గొంతులతో పంపుకుంటే మాట్లాడే నిఘంటువు తయారవుతుంది. వేట భాషలో గాలి పేర్లు, కొండ భాషలో దుంపల పేర్లు ఏ పుస్తకంలోనూ ఒకచోట దొరకవు.

విదేశాల్లోని తెలుగు పిల్లలూ మంచి జత కాగలరు. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి తెలుగు నేర్పుతోంది. అక్కడి పిల్లలకు తెలుగు చదవాల్సిన అవసరం ఉంది. ఇక్కడి పిల్లలకు తమ మాట వినేవారు కావాలి. ‘పిక్క’ అంటే ఏమిటో వివరిస్తూ ఉద్దానం విద్యార్థి రాసే నాలుగు వాక్యాలు ఇద్దరికీ పాఠమే.

ఒక్క ఫోను చాలు

బడులకు 2023లో అందిన స్మార్ట్ టీవీలు ఉన్నచోట పని సులువు. లేనిచోట ఉపాధ్యాయుడి ఫోను సరిపోతుంది. సిగ్నల్ అందని గ్రామాల్లో ప్రత్యక్ష వీడియో కాల్ అవసరం లేదు. ఫొటో, గొంతు రికార్డు తీసుకుని సిగ్నల్ ఉన్నచోట పంపితే చాలు. అదీ కుదరకుంటే పోస్టుకార్డు ఉండనే ఉంది. జత బడిని వెతకడం కూడా కష్టం కాదు. వమరవల్లి డైట్‌లో కలిసి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వేర్వేరు మండలాల్లో పనిచేస్తున్నారు. మొదటి అడుగు పాత స్నేహితుడికి ఫోను చేయడమే.

నాలుగు వారాల ప్రణాళిక వేసుకోవచ్చు. మొదటి వారం రెండు బడులూ ఒకే ప్రశ్నను, కొలిచే పద్ధతిని నిర్ణయించుకోవాలి. రెండో వారం పరిశీలన. మూడో వారం ఫలితాలు పంపుకుని అవతలి బడి లెక్కపై కనీసం మూడు ప్రశ్నలు అడగాలి. నాలుగో వారం వాటికి జవాబులు రాసి, గోడపై పటంగా గీసి గ్రామస్థులకు వినిపించాలి. ఇందుకు వేరే పీరియడ్లు అక్కర్లేదు. పరిసరాల విజ్ఞానం, గణితం, తెలుగు పీరియడ్లలోనే ఇమిడిపోతుంది. ఒకే ఉపాధ్యాయుడు ఉన్న బడిలో పెద్ద తరగతి వారు కొలిస్తే చిన్నవారు బొమ్మలు గీస్తారు. మార్కులు వేసేటప్పుడు అట్ట మెరుపును కాక, విద్యార్థి సొంతంగా చూసినదేమిటి, అవతలి బడి ప్రశ్నకు ఏం జవాబిచ్చాడన్నదే చూడాలి.

జాగ్రత్తలు తప్పనిసరి

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాల వినియోగానికి తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసింది. పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు, ఇంటి చిరునామాలు పంపకపోవడమే మేలు. చేతులు, బొమ్మలు, రాతలు చాలు. సంభాషణ ఉపాధ్యాయుల ఫోన్ల మధ్యే సాగాలి. పిల్లల నంబర్లు ఎవరికీ ఇవ్వరాదు.

జీడి తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. కనుక పాఠం పేరుతో పిల్లల చేత పిక్కలు కొట్టించరాదు. గూళ్లున్న చెట్ల కిందకు వెళ్లి పక్షులను బెదరగొట్టరాదు. పెద్దల తోడు లేకుండా సముద్రం వద్దకు పంపరాదు. అన్నిటికంటే ముఖ్యం, ఇళ్లలోని కిడ్నీ వ్యాధి బాధను పిల్లల ప్రాజెక్టుగా మార్చరాదు. నీటి గురించి తెలుసుకోవాలంటే రోజువారీ వాన కొలత, బావి నీటిమట్టం నమోదు చేస్తే సరిపోతుంది.

ఉద్దానం అనగానే బయటి ప్రపంచానికి తెలిసేవి రెండే. ఒకటి కిడ్నీ వ్యాధి, రెండోది తుపాను. ఈ నేలకు ఉద్యానవనం నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. కొబ్బరి, పనస, జీడి, పక్షులు, పడవలు, మూడు భాషలు ఉన్న ఈ సీమ గురించి ఇక్కడి పిల్లలే కొలిచి, రాసి చెప్పగలిగితే వినడానికి మరో చివర బడులు సిద్ధంగా ఉంటాయి. ఈ సంవత్సరం ఒక్కో మండలంలో ఒక్క బడి ఒక్క ప్రశ్నతో ముందుకొచ్చినా మంచి ఆరంభమే.